తాతయ్య ఎంచిన పికప్

నా చిన్నప్పుడు బందరులో మా మేనత్త స్టీలు గిటారును చూడ్డానికే కొందరు మా వీధికి వచ్చేవారు. అది భుజానికి తగిలించుకునే గిటారు కాదు. నాలుగు కాళ్ళ బల్లలా నేల మీద నిలబడి ఉండేది. అత్తయ్య దాని ముందు కుర్చీ వేసుకుని, ఎడమ చేత్తో నున్నటి ఉక్కు కడ్డీని తీగల మీద జరుపుతూ కుడి చేత్తో మీటేది. కింద మూడు పెడళ్ళు ఉండేవి. కాలితో నొక్కితే తీగ బిగుసుకుని, స్వరం ఒక మెట్టు నుంచి పై మెట్టుకు జారుతున్నట్టు సాగేది. గిలకలదిండి ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్కుగా పనిచేసే మా మావయ్య సైకిలు బ్రేకు వైర్లతో ఆ పెడళ్ళు చేసి పెట్టాడు. పెళ్ళయిన కొత్తలో భార్యకు ఆయన ఇచ్చిన కానుక అది. అత్తయ్య పెళ్ళిపందిళ్ళలో కూడా వాయించేది.

అత్తయ్య ఇల్లు మా పక్కిల్లే. సాయంత్రం కాగానే మా తాతయ్య కూతురింటి అరుగు మీదికి వెళ్ళి కూర్చునేవారు. ఆమె పాట అయ్యేదాకా మా ఇంట్లో అన్నాలకు లేచేవాళ్ళం కాదు. అలాంటి మనిషికి ఒక వేసవిలో విషజ్వరం వచ్చి తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ వినికిడిని చాలా మటుకు తీసుకుపోయింది. ఇంట్లో అందరం గొంతు పెంచి మాట్లాడడం మొదలుపెట్టాం. ఆయన చెవులు మూసుకుని, "వినపడ్డం పోయింది గానీ నొప్పి పోలేదర్రా, అరవకండి" అనేవారు.

గిటారు కూడా ఆయనకు అలాగే అయింది. ఒకరోజు అత్తయ్య వాయిస్తుంటే మొహం చిట్లించి, "రేకు మీద మేకు గీసినట్టుందమ్మా" అన్నారు. అన్న తర్వాత ఆమె మొహం చూశారు. మర్నాటి నుంచి అరుగు మీదికి వెళ్ళలేదు. పెరట్లో గోడవైపు తిరిగి కూర్చునేవారు. అత్తయ్య కూడా వాయించడం బాగా తగ్గించేసింది.

ఆ వానాకాలంలోనే గిటారు గొంతు పూర్తిగా పోయింది. మావయ్య విప్పి చూసి పికప్ పాడయిందన్నాడు. తీగల కింద దాగి ఉండే చిన్న అయస్కాంతం అది. దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగ చుట్టి ఉంటుంది. పైన తీగలు కదిలితే ఆ కదలికను పట్టి, శబ్దం పలికే స్పీకరు పెట్టెకు అందించేది అదే. మా ఊరి ఉప్పుగాలికి ఆ రాగితీగ పచ్చబడి తెగిపోయింది. గుడివాడలో ఒక మైకుసెట్ల షాపాయన దగ్గర మూడు రకాల పికప్‌లు ఉన్నాయని తెలిసి మావయ్య బయలుదేరబోయాడు. అప్పుడు అత్తయ్య, "నాన్నని కూడా తీసుకెళ్దాం" అంది.

మావయ్య ముందు నవ్వాడు. తర్వాత ఆమె మొహం చూసి సరేనన్నాడు. తాతయ్య మాత్రం ససేమిరా అన్నారు. "పెళ్ళిచూపులకి గుడ్డివాణ్ణి తీసుకెళ్ళినట్టుంటుంది, నన్నొదిలేయండి" అన్నారు. అత్తయ్య ఆయన ముందు నేల మీద కూర్చుని, పెదవుల కదలిక తెలిసేలా నెమ్మదిగా చెప్పింది. "నువ్వు రాకపోతే నేను కూడా వెళ్ళను నాన్నా. అది అలాగే మూగగా ఉంటుంది."

ఆయన చొక్కా తెమ్మన్నారు. నా పెదవులు చూస్తే ఆయనకు మాట తొందరగా అందేది కాబట్టి నన్ను కూడా తీసుకెళ్ళారు. గిటారు కాళ్ళు, పెడళ్ళు ఇంట్లో వదిలేసి, దాని ఒంటిని దుప్పట్లో చుట్టి బస్సెక్కాం. పామర్రు దాటేదాకా తాతయ్య కిటికీలోంచి తల తిప్పలేదు.

షాపాయన గిటారును బల్ల మీద పడుకోబెట్టి మొదట కొత్త పికప్ బిగించాడు. మద్రాసు నుంచి వచ్చిన సరుకట. అత్తయ్య మీటగానే అద్దాల బీరువా జిల్లుమంది. నాకు ఒళ్ళు పులకరించింది. "పందిట్లో ఆఖరి వరస మనిషిక్కూడా వినపడుద్దండీ. ఇదే తీసుకోండి" అన్నాడాయన. తాతయ్య అప్పటికే చెవి మీద చెయ్యి పెట్టుకుని వెనక్కి జరిగారు. అత్తయ్య తల అడ్డంగా ఊపింది.

రెండోది మరీ మెత్తన. తాతయ్య నావైపు వంగి, "మొదలెట్టిందా?" అని అడిగారు. అప్పటికి పాట సగం అయిపోయింది. ఆ సంగతి నా మొహంలోనే తెలిసిపోయినట్టుంది, ఆయన లేచి గుమ్మం వైపు నడిచారు. అత్తయ్య వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చింది. ఆ అరచేతిని స్పీకరు పెట్టెకు ఉన్న గుడ్డ మీద ఆనించింది. షాపాయనతో, "ఇంకోటి ఉందన్నారుగా" అంది.

ఉంది గానీ పాతది, విరిగిపోయిన గిటారులోంచి తీసిందని ఆయన నసిగాడు. అంచులు పెచ్చులూడి, చూడ్డానికి ఏమీ బాగాలేదు. దాన్ని బిగించాక అత్తయ్య పాట వాయించలేదు. ఒకే ఒక్క తీగ మీటి, కడ్డీని దాని మీద కదలకుండా ఉంచింది.

గుండ్రటి, నిండు శబ్దం వచ్చింది. గట్టిగా లేదు, మెత్తగానూ లేదు. తాతయ్య కళ్ళు మూసుకున్నారు. రెండో చేతి చూపుడువేలు మెల్లగా పైకెత్తారు. శబ్దం పల్చబడుతోంది. షాపాయన ఫ్యాను ఆపేశాడు. ఇంకాసేపటికి నాకు ఏమీ వినపడలేదు. మావయ్య వైపు చూస్తే, తనకూ లేదన్నట్టు తల ఊపాడు. తాతయ్య వేలు మాత్రం దించలేదు.

"ఇంకా ఉంది" అన్నారు.

షాపాయన వంగి పెట్టెకు చెవి ఆనించాడు. ఆయన మొహం మారిపోయింది. "ఉందండీ. నిజంగానే ఉంది" అన్నాడు, గుళ్ళో మాట్లాడినట్టు. నేను ఊపిరి బిగపట్టి తాతయ్య వేలినే చూస్తున్నాను. చెవులున్న మా అందరికీ అయిపోయిన శబ్దం, ఆ ముసలి అరచేతిలో ఇంకా బతికి ఉంది. అంత పెద్ద సంగతి నా కళ్ళెదుట జరగడం అదే మొదటిసారి. చివరికి ఆ వేలు ఆకు వాలినట్టు వాలింది. ఆ క్షణానే అత్తయ్య కడ్డీ పైకి తీసింది.

"ఇప్పుడు పాట వాయించమ్మా" అన్నారు తాతయ్య.

ఆమె తన పసితనంలో ఆయన పాడిన జోలపాట ఎత్తుకుంది. ఆయన ఒక చరణం వెనకబడి, శ్రుతి తప్పి, కూనిరాగం తీశారు. మావయ్య రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. ఏ పికప్ కావాలని షాపాయన మరి అడగలేదు.

తిరుగు బస్సులో అత్తయ్యను అడిగాను, మావయ్య ఒక్కడే ఎంచి తెచ్చేవాడు కదా అని. ఒళ్ళో ఉన్న గిటారు మీద దుప్పటి సర్దుతూ, "నేను వాయించేది ఆయన వినాలని. అలాంటప్పుడు మనకి బాగుందని తెచ్చుకుంటే ఎలాగే?" అంది.

పెళ్ళిళ్ళలో ఆమెతో కలిసి వాయించేవాళ్ళకు ఆ పికప్ నచ్చలేదు. పందిట్లో సరిపోవడం లేదని కొందరు పిలవడం మానేశారు. అత్తయ్య మార్చలేదు. తాతయ్య మళ్ళీ రోజూ ఆ అరుగెక్కారు. పెట్టె మీద అరచెయ్యి పెట్టుకుని వినేవారు. ఆఖరి రోజుల్లో చెవులు పూర్తిగా మూసుకుపోయినా, ఏ పాట వాయించిందో కూతురికి చెప్పేవారు.

కిందటేడు మా వారికి చూపు మందగించింది. ఆయన చదువుకోవడానికి దీపం కొందామని, అన్నిటికంటే వెలుగున్నది తెమ్మని షాపుకు ఫోన్ చేయబోయి ఆగాను. ఆయన్నే వెంటబెట్టుకుని వెళ్ళాను. షాపతను ఒక్కో దీపం వెలిగిస్తుంటే నేను నోరెత్తలేదు. పెద్ద దీపాలకు ఆయన కళ్ళు చికిలించుకున్నారు. మూలనున్న ఒక పసుపుపచ్చటి చిన్న దీపం దగ్గర ఆగి, పుస్తకం కోసం వెతక్కుండా, తల తిప్పి నన్ను చూశారు.

"ఇందులో నువ్వు బాగా కనపడుతున్నావు. ఇది తీసుకుందాం" అన్నారు.