గింజ అని అరిచిన టీచరు

ఎచ్చెర్లలో నేను చదివే చోట కొత్తగా వేసిన కోర్టు మీద బంతి టక్కుమన్నప్పుడల్లా నా ముక్కుకు ఎండుతున్న ధాన్యం వాసన తగులుతుంది. ఇక్కడున్నది నున్నటి నీలం నేల. ధాన్యం నా తలలోనే ఉంది, సత్యవతి టీచరు పోసింది.

ఆవిడ ఇప్పుడు లేరు. ఆమదాలవలసలో మా వీధిలోనే ఉండే రిటైరైన డ్రిల్లు టీచరు. మోకాళ్ళు మొరాయించాక, ధాన్యం మిల్లు వెనకున్న సిమెంటు కళ్లం మీద సున్నంతో గీతలు గీసి మాకు చిన్న టెన్నిస్ లాంటి పికిల్‌బాల్ ఆట మొదలుపెట్టారు. మొదటిరోజు నేను కొట్టిన బంతి మిల్లు కప్పెక్కింది. "అదేటి సేసిందిరా నిన్ను, అలా బాదతన్నావు?" అని నా బ్యాటు మీద గుప్పెడు వడ్లు పోశారు. "ఒక్క గింజ రాలకుండా వల దాకా నడు. ఆ సెయ్యి అలాగే ఉంచి బంతిని అవతలికి దాటించు. డింకంటే అదే." వారం రోజులు నేను ఆటగాణ్ణి కాను, తలంబ్రాల పళ్ళెం మోసే పెళ్ళివారి మనిషిని.

ఎంత ఊడ్చినా కళ్లం మీద గింజలు మిగిలేవి. బంతి గింజ మీద పడి జారితే, చూసినవాళ్ళు "గింజ!" అనాలి, ఆ పాయింటు మళ్ళీ ఆడాలి. అది టీచరు పెట్టిన చట్టం.

కోతలయ్యాక మిల్లు యజమాని అప్పన్న మావ అక్కడ బస్తాలు వేస్తానన్నాడు. టీచరు బతిమాలలేదు. "నీ కొడుకుతో మావోడు ఆడతాడు. నెగ్గితే సాయంత్రాలు కళ్లం మాది."

"ఓడితేనో, టీచరుగోరూ?"

"గీతలు మేమే కడిగేత్తాం."

నన్నెవరూ అడగలేదు. పదకొండు పాయింట్ల ఆట, కనీసం రెండు పాయింట్ల తేడాతో నెగ్గాలి. పది–తొమ్మిది, సర్వు నాది. నా డింకు వల దాటి నేల తాకి, లేవకుండా పక్కకి జారిపోయింది. అప్పన్న మావ కొడుకు రమేష్ బ్యాటుకి గాలి తగిలింది. నేను చేతులెత్తేశాను, పిల్లలు ఈలలేశారు.

"గింజ!"

కుర్చీలోంచి టీచరు. అప్పన్న మావ కూడా కంగారుపడ్డాడు: "నాకేటీ అగుపడలేదే!"

"నాకు అగుపడింది. మళ్ళీ ఆడండి."

బ్యాటు మీద వడ్లున్నట్టే పట్టుకున్నాను. బంతి వల అంచు మీద కాసేపు ఆలోచించి, నా వైపే పడింది. తర్వాత రమేష్ వరసగా మూడు పాయింట్లు తీసుకుని నెగ్గేశాడు. సినిమా అయితే అప్పన్న మావ కళ్ళు తుడుచుకుని కళ్లం మాకు వదిలేసేవాడు. ఆయన మర్నాడు బస్తాలు దింపాడు.

అంతకుముందే టీచరూ నేనూ గీతలు కడిగాం. "ఎవరూ సూడలేదు కదా టీచర్, ఎందుకు సెప్పేరు?" అన్నాను.

"సూడకపోతే గింజ లేనట్టేటిరా?" చీపురు ఆగలేదు.

నిన్న ఇక్కడ నా బంతి ఒకటి వింతగా జారింది. పాయింటు నాకే ఇచ్చారు. "గింజ," అన్నాను. అందరూ నా వంక, తర్వాత నేల వంక చూశారు. వంగి వెతికితే చిన్న గులకరాయి దొరికింది. మళ్ళీ ఆడి ఓడిపోయాను. ఆవిడ నేర్పిన ఆటలో లోటు అదొక్కటే.