నేను చుట్టిన స్ప్రింగు

మా అల్లుడికి నలభై దగ్గర పడ్డాయి. గుడివాడలో ఉద్యోగం. సెలవొస్తే స్నేహితులతో కలిసి బొమ్మ తుపాకులతో యుద్ధాలాడతాడు. వేలెడంత స్పాంజి గుళ్ళు, కొసన రబ్బరు టోపీ. కొట్లో కొన్న తుపాకీ కొన్నట్టే ఉంటే అతనికి నచ్చదు. విప్పి, లోపల గాలిని ఆపే ప్లాస్టిక్ ముక్క పీకేసి, మెత్తటి స్ప్రింగు తీసి గట్టిది పెడితే గుండు రెండింతల వేగంతో పోతుందట. ఆ గట్టి స్ప్రింగు కోసం మా ఇంటికి వచ్చాడు.

నేను చిలకలపూడిలో రోల్డు గోల్డు పని చేస్తాను. ముప్పై ఏళ్ళుగా తీగ చుట్టి గొలుసులు కడుతున్నాను.

"అత్తయ్యగారూ, తీగ మీ చేతిలో మాట వింటుంది. ఒక్కటి చుట్టి పెట్టరూ?"

అల్లుడు అడిగితే కాదనే అలవాటు మా ఇళ్ళలో లేదు. అతను తెచ్చిన స్టీలు తీగను, మా ఇత్తడి తీగలాగే ఎర్రగా కాల్చి, చల్లార్చి చుట్టాను. ముచ్చటగా వచ్చింది. తుపాకీలో పెట్టి లాగితే అణిగిపోయి మళ్ళీ లేవలేదు. గుండు జారి అతని కాళ్ళ దగ్గరే పడింది.

"ఇది స్ప్రింగు కాదండీ, వడ్డాణం!" అని పగలబడి నవ్వాడు. నా కూతురూ నవ్వింది.

నాకు రోషం వచ్చింది. మిగిలిన తీగను కాల్చకుండా, వేళ్ళు కోసుకుపోతున్నా, ఇనుప కడ్డీ మీద బిగించి చుట్టాను. ఈసారి లేచింది.

అతను తుపాకీ బిగించుకుంటుంటే నేను అరుగు మీద కూర్చుని బైబిలు తీశాను. ఆ వచ్చే ఆదివారం చర్చిలో వాక్యం చదవాల్సింది నేను. యాభై రెండేళ్ళకు పాస్టరమ్మగారి దగ్గర అక్షరాలు దిద్దినదాన్ని. నలుగురిలో పుస్తకం పట్టుకుని నిలబడటం అదే మొదలు. ఆ భాగం నాకు కంఠతా వచ్చు. అయినా అప్పజెప్పకూడదు, చదవాలి. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాను.

"అత్తయ్యగారూ, ఇటు చూడండి!"

చూశాను. కుడికంట్లో పిడుగు పడ్డట్టయింది.

"బొమ్మే కదమ్మా, చన్నీళ్ళు కొట్టుకో" అంది కూతురు. సాయంత్రానికి కన్ను నెత్తుటి ముద్ద. ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఏం తగిలిందని డాక్టరుగారు అడిగితే అల్లుడు నాకంటే ముందే అన్నాడు: "తలుపు తగిలిందండి."

నేను నోరు మూసుకున్నాను. అది తలుచుకుంటే నామీద నాకే మండుతుంది.

"తలుపు మూలా, గడియా? సరిగ్గా చెప్పాలమ్మా, కన్నిది."

"తలుపు కాదండి. ఈయన బొమ్మ తుపాకీతో కొట్టారు. స్ప్రింగు నేనే చుట్టాను."

కంటి లోపల రక్తం చేరిందన్నారు. రెండు వారాలు తల ఎత్తు మీద పెట్టుకుని పడుకోవాలి, చదవకూడదు. చూపు ఎంత తిరిగొస్తుందో తర్వాత గాని చెప్పలేమన్నారు.

ఆటోలో కూతురు, "పైవాళ్ళ ముందు ఆయన పరువు తీశావు" అంది. నా కన్ను సంగతి ఆటో దిగేదాకా ఎత్తలేదు.

ఆదివారం నా బదులు వేరే ఆవిడ చదివింది. మైకు మా ఇంటిదాకా వినబడుతుంది. కట్టుకట్టిన కంటితో పడుకుని విన్నాను. ఒక మాట మింగేసింది. నేనైతే మింగేదాన్ని కాదు.

మధ్యాహ్నం అల్లుడు భోజనానికి వచ్చాడు. పీట మీద కూర్చుని, "ఇంకా కోపమేనా అత్తయ్యగారూ? క్షమించమనే కదా వాక్యం?" అన్నాడు.

"ఉంది బాబూ. కన్ను బాగైతే నేనే చదువుకుంటాను. మీరు చెప్పక్కర్లేదు."

ముందు అతనికి వడ్డించమన్నట్టు కూతురు అతని కంచం నా ముందుకు జరిపింది. నేను లేచి నా కంచం తెచ్చుకున్నాను. అల్లుడు చూస్తుండగానే అన్నం పెట్టుకుని, పులుసు పోసుకుని, ముందు నేను తిన్నాను.