తువ్వాలు కింద కుదిరిన కూలి

ఆదోనిలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా తువ్వాలు నా భుజం మీద ఒక్క పూటైనా నిలిచింది లేదు. ఎమ్మిగనూరులో నేసిన మందపాటి తువ్వాలు అది. మార్కెట్ యార్డులో బేరాలు కుదిర్చే దళారులు దాన్ని దూరం నుంచే గుర్తుపట్టేవారు. ఇద్దరు దాని కింద చేతులు పెట్టి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవారు. పక్కవాడికి అంకె తెలియకూడదు. పల్చటి తువ్వాళ్ళలోంచి వేళ్ళు కనబడతాయట. నాది ఆ విషయంలో నమ్మకస్తురాలు. సాయంత్రానికి ఊరందరి చెమటతో ఇల్లు చేరేది. బి.ఏ. చదివి నేను లోకానికి చేసిన సేవ చాలావరకు అదే.

నేను గుమాస్తాగా ఉన్నది బుడ్డల మిల్లులో. వేరుశనగను మా దిక్కు బుడ్డలంటారు. యంత్రం పొట్టు తీశాక, ఆడవాళ్ళు నేల మీద కూర్చుని పుచ్చులూ ముడతలూ ఏరేసి, మంచి గింజను ఓడ ఎక్కడానికి సిద్ధం చేసేవారు. వాళ్ళ కూలి పెంచమంటే మా సావుకారి పక్క మిల్లును చూపించేవాడు. పక్క మిల్లు సావుకారి మా మిల్లును చూపించేవాడు. చూపించీ చూపించీ ఇద్దరి చేతులూ నొప్పి పుట్టి, ఇవ్వడానికి లేచేవి కావు.

ఎనభైలలో, వానలు మొహం చాటేసిన ఒక ఏడు, బొంబాయి నుంచి ఎగుమతి కంపెనీ మనిషి వచ్చాడు. విదేశంలో మా గింజలు కొనేవాళ్ళు ఒక ప్రశ్న వేశారట: ఏరేవాళ్ళకు ఆ కూలితో ఇల్లు గడుస్తుందా? గడిచేటట్టు మిల్లులన్నీ కలిసి ఒకే కూలి ఇస్తే, ధర వాళ్ళు పెంచుతారు. ఒక్కడు పెంచితే మునుగుతాడు, అందరూ పెంచితే ఎవరూ మునగరు. మాట న్యాయంగానే ఉంది. నాకు దిగులు మొదలైంది అక్కడే.

ఊళ్ళోని మూడు మిల్లుల సావుకార్లూ మా మిల్లులో కూడిన రోజు, ఏరేవాళ్ళకు పెద్దగా ఉండే హాలహర్వి ఊరి ఆమె నన్ను వాకిట్లో ఆపింది.

"ఎంతనేది ఈ పొద్దే సెప్పాలప్పా. తెల్లారితే సుగ్గి లారీ వస్తాది. కూలి గిట్టితే ఈడనే ఉంటాము, మా పాప బడికి పోతాది. లేదంటే దాన్ని గూడా ఎక్కించుకోని పోవాల్సిందే."

సుగ్గి అంటే కాలువ కింది ఊళ్ళకు కోతలకు వలస పోవడం. అలా పోయిన పిల్లలు మళ్ళీ బడి మెట్లెక్కడం నేను పెద్దగా చూడలేదు.

"సెప్తాలే అక్కా," అన్నాను.

లోపల ముగ్గురూ ఒకరికొకరు టీ అందించుకుంటున్నారు. ఏళ్ళ తరబడి ఒకరి గడప ఒకరు తొక్కని మనుషులు. చూస్తుంటే భయం వేసింది.

"నువ్వెంతంటే అంతే అన్నా."

"లేదప్పా, నువ్వే సెప్పు."

"నాదేముంది, మీ ఇద్దురి మాటే నా మాట."

అంకె మాత్రం ఎవరి నోటా రాలేదు. ముందు నోరు తెరిచినవాడు నష్టపోతాడన్నది మా యార్డులో ఉగ్గుపాలతో నేర్పే విద్య. బయట చేటల చప్పుడు ఆగింది.

చివరికి మా సావుకారి నా వైపు చెయ్యి చాపాడు. "ఆ తువ్వాలిట్లియ్యప్పా."

ఇచ్చాను. దాని కింద ఆయన ఒకరితో వేళ్ళు కలిపాడు, తర్వాత రెండో ఆయనతో. వాళ్ళిద్దరూ మళ్ళీ ఒకరితో ఒకరు. ముగ్గురూ తలలూపారు. ముగ్గురి మొహాల్లోనూ ఎదుటివాణ్ణి గెలిచిన తృప్తి కనబడింది. ఒక్క ఒప్పందంలో ముగ్గురు ఎలా గెలుస్తారో నా చదువుకు అందలేదు. బొంబాయి మనిషి ఇదేదో శుభకార్యమనుకుని చప్పట్లు కొట్టాడు.

"ఎంతని సెప్పాల సావుకారీ?" అని అడిగాను.

"కుదిరిందని సెప్పు పో."

బయట ఆడవాళ్ళందరూ గింజల కుప్ప ముందు లేచి నిలబడి ఉన్నారు.

"కుదిరిందంటక్కా," అన్నాను.

"ఎంతకు?"

సావుకారి తిరిగిచ్చిన తువ్వాలు ఇంకా నా చేతిలోనే ఉంది, తడి తడిగా. హాలహర్వి ఆమె దాన్నే చూసింది. కొంగుకంటిన పొట్టు దులుపుకుని, ఇక ఇక్కడ పని లేనట్టు తన చేట గోడకు బోర్లించింది.

"ఎద్దునమ్మేటప్పుడు గూడా దాన్ని పక్కన నిలబెట్టుకోనే సేతుల మీద గుడ్డ కప్పుతారప్పా. మమ్మల్ని తలుపు బయట పెట్టినారు."