రాలుకాయల డబ్బు

మొన్న అమ్మ పంపిన మామిడి ఒరుగుల పొట్లం విప్పగానే, ఎండిన పులుపూ గోనెసంచీ కలిసిన వాసన గుప్పుమంది. అందరికీ నోరూరించే ఆ వాసనకి నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మాది నూజివీడు దగ్గర పల్లె. ఎండలు ముదిరాయంటే సాయంత్రాలు గాలిదుమారం లేవడం, పెంకుల మీద దుమ్ము పడటం, తెల్లారేసరికి మా మామిడితోటంతా దెబ్బతిన్న చిన్నరసాలూ కలెక్టరు కాయలూ సొన వాసనతో పరుచుకుని ఉండటం మామూలే. నాకు పదేళ్ళొచ్చిన వేసవిలో, నాకు డబ్బు విలువ నేర్పాలని నాన్నకి పట్టుదల వచ్చింది.

"ఊరికే ఇస్తే విలువ తెలీదమ్మా. రాలుకాయలు ఏరుకో, ఒరుగులు చేసుకో. వచ్చిన డబ్బులు నీవే," అన్నాడు.

నానమ్మ కత్తిపీట ముందు కూర్చోబెట్టి చెక్కు తీయడం, ముక్కలు కోయడం నేర్పింది. సొన తగిలి వేళ్ళు పొక్కినా మానకుండా, డాబా మీద ఎండబెట్టి, కాకుల్ని తోలి, సంచీ నింపి నాన్న బండి మీద విస్సన్నపేట కొట్టుకి పట్టుకెళ్ళాను. షావుకారు ఇచ్చిన నోట్లు పోస్టాఫీసులో వేసి, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ పాస్‌బుక్ చూపించాను. నా మొదటి జీతానికి కూడా అంత గర్వపడలేదు.

జూన్‌లో బడి తెరిచారు. ఎప్పుడూ నా పక్కనే కూర్చునే నాగమణి రాలేదు. వాళ్ళమ్మ సుబ్బమ్మ మా తోటలోనే పనిచేసేది. వెళ్ళి అడిగాను.

"ఏటా రాలుకాయలు మేమే గదండీ ఏరుకునేది, అమ్మాయిగారూ. ఆ డబ్బులతోనే దానికి పుస్తకాలూ, సంచీ. ఈ ఏడు మీరు ఏరుకున్నారు గదా. మొక్కల నర్సరీలో పనికి పంపుతున్నానండి," అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది.

పరుగున వచ్చి నాన్నకి చెప్పాను. "నాకు తట్టలేదమ్మా," అన్నాడు. మర్నాడు పోస్టాఫీసు డబ్బంతా తీసి ఇద్దరం వాళ్ళింటికి వెళ్ళాం. సుబ్బమ్మ చెయ్యి చాపలేదు.

"కాయలైతే తీసుకునేదాన్నండి. డబ్బులెలా తీసుకుంటాను?"

ఆ పై ఏడు నాన్న రాలుకాయలు మళ్ళీ వాళ్ళకే వదిలేశాడు. నాగమణి మాత్రం మళ్ళీ బడి మెట్లెక్కలేదు. కష్టపడి సంపాదించానని నేను మురిసిపోయిన డబ్బు దాని చదువుదని తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇప్పుడా తోట లేదు. సగం పామాయిల్ వేశారు, సగం ప్లాట్లయింది. రాలుకాయలూ లేవు, వాటి మీద హక్కు ఎవరిదో ఎరిగినవాళ్ళూ లేరు.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ప్రతి ఆదివారం మా కారు కడిగి వంద రూపాయలు తీసుకుంటాడు. నిన్న మావారు, "ఇక నుంచి కారు నువ్వు కడుగు, ఆ వంద నీకే, దాచుకో," అన్నారు మా తొమ్మిదేళ్ళవాడితో. వాడు బకెట్ పట్టుకుని ఒక్క గంతులో కిందికి దిగాడు. బాల్కనీలోంచి చూస్తే, కారు పక్కన వాచ్‌మన్ తడిగుడ్డ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

నేను దిగి వెళ్ళి మావాడి చేతిలో బకెట్ లాక్కున్నాను. వాడు ఏడ్చాడు. ఏడవనిచ్చాను.