పిడుగు వెంట వెళ్ళిన బొంత

టైలరమ్మ కొత్త బట్టలు కుట్టదు. ఆమె పనంతా పాత బట్టల మీదే. లావెక్కినవాళ్ళకి నడుము వదులు చెయ్యాలి, చిక్కిపోయినవాళ్ళకి బిగించాలి, జిప్పులు మార్చాలి, ప్యాంట్ల కాళ్ళు పొట్టి చెయ్యాలి. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకి ఎడమ చేతులు మాత్రమే కుట్టింది. కుడి చేతులు ఎవరు కుడుతున్నారో కూడా ఆమెకి తెలియదంటే నమ్మండి. ఆ విసుగు భరించలేకే పాత మిషనొకటి కొనుక్కుని ఈ కొట్టు పెట్టుకుంది. రోడ్డు వైపు గది కొట్టు, వెనక గది ఇల్లు. కిటికీ పక్కన స్టూలు మీద ఆమె అక్క కూర్చుని గుండీలు, కాజాలు, హుక్కులు చూసుకుంటుంది. అక్క చేతిలో సూది ఎంత చురుకో నోరు దానికి రెండింతలు.

టైలరమ్మకున్న పిచ్చి ఒక్కటే, కుక్కలు. జంతువుల డాక్టరమ్మకి ఎక్కడ దిక్కులేని కుక్క దొరికినా తెచ్చి ఈ కొట్లో దింపేది. గాయాలు మాని, పెంచుకుంటామని ఎవరైనా ముందుకొచ్చేదాకా టైలరమ్మ సాకేది. సొంతానికి ఒక్కదాన్నీ ఉంచుకోలేదు. ఒకదాన్ని ఉంచుకుంటే తరవాత వచ్చేదానికి చోటేదీ అని ఆమె వాదన. కత్తిరింపుల్లో మిగిలిన ముక్కలన్నీ కలిపి ప్రతి కుక్కకీ ఒక చిన్న బొంత కుట్టేది. కుక్క వెళ్ళేటప్పుడు బొంత కూడా వెంట వెళ్ళాలి, కొత్త ఇంట్లో తెలిసిన వాసన ఒక్కటైనా ఉండాలి కదా. అలా పది కుక్కలు వెళ్ళాయి, పది బొంతలు వెళ్ళాయి. ఒక్కటీ వెనక్కి రాలేదని ఆమెకి లోపల్లోపల గర్వం. పదకొండోది వచ్చి ఆ గర్వాన్ని చక్కగా అణిచింది.

దానికి పిడుగు అని పేరు పెట్టింది అక్క. తిట్టబోయి పెట్టింది, అదే ఖాయమైపోయింది. ఎవరో పుణ్యాత్ములు ఖాళీ గోడౌన్లో గొలుసుతో కట్టేసి వదిలేసి పోయారట. డాక్టరమ్మ తాళం పగలగొట్టించి తెచ్చేసరికి ఎముకల గూడులా ఉంది. రెండు వారాలు కడుపునిండా తిండి పడ్డాక చూడాలి దాని వైభవం! ఒక చెవి నిలువు, ఒక చెవి వాలు, నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి. ఇల్లు పీకి పందిరి వేసింది. దారం ఉండ నోట కరుచుకుని వీధి చివరిదాకా పరిగెత్తేది. కొలత టేపు నమిలింది. గుండీల డబ్బాని రోజుకోసారి దొర్లించేది. కొలతల కోసం ఎవరైనా చేతులెత్తి నిలబడితే, ఆటకి పిలుస్తున్నారనుకుని ఛాతీ మీదికి దూకేది. కానీ ఎక్కడైనా గొలుసు చప్పుడైతే చాలు, అంత పిడుగూ మిషను కిందికి దూరి గజగజ వణికేది. అందుకని టైలరమ్మ దానికి పాత జీన్సు గుడ్డతో మెత్తటి పట్టీ కుట్టింది.

ఇలాంటిదాన్ని ఎవరు తీసుకుంటారు? టైలరమ్మ ఒక ఉపాయం వేసింది. అన్ని అనర్థాలకీ ఆ ఉపాయమే మూలం, ముందే చెబుతున్నాను. చూడటానికి ఎవరైనా వస్తున్నారంటే, రెండు గంటల ముందు నుంచే దాన్ని చెరువు మైదానంలో పరిగెత్తించేది. మోకాళ్ళు సలుపుతున్నా సరే, బంతి విసిరి విసిరి భుజం పడిపోయినా సరే. వాళ్ళు వచ్చేసరికి పిడుగు బొంత మీద సోలిపోయి ఒక కన్ను మాత్రం తెరిచి చూసేది.

బ్యాంకు గుమస్తా, ఆయన భార్య చూసి మురిసిపోయారు. "అబ్బ, ఎంత నెమ్మదో!" అంది ఆవిడ.

"నెమ్మదేనండీ," అంది టైలరమ్మ. సూది గుచ్చుకున్నట్టు ఎక్కడో చురుక్కుమంది గానీ పట్టించుకోలేదు.

మూడో రోజు పొద్దున్నే గుమస్తా వచ్చాడు, ఒక చేతిలో పట్టీ, చంకలో బొంత. "అమ్మా, మేము చూసింది ఈ కుక్కని కాదేమోనని మా అనుమానం," అన్నాడు పాపం. సోఫా పోయిందట, పరుపు పోయిందట, ఆవిడకి నిద్ర పోయిందట.

బుద్ధి వచ్చిందా? రాలేదు. రెండోసారి రిటైరైన హెడ్మాస్టరు వస్తే మళ్ళీ అదే మైదానం, అదే బంతి. ఆయన ఎనిమిది రోజులు ఓపిక పట్టి, తొమ్మిదో రోజు బొంతని చక్కగా మడతపెట్టి మరీ తెచ్చిచ్చాడు. ఆయన్ని అనడానికి లేదు. గట్టిగా పెంచితే దారికొస్తుందనుకుని దాన్ని గొలుసుతో కట్టేశాడు, అంతే. పిడుగు ఎవరినీ చూడకుండా తిన్నగా మిషను కిందికి వెళ్ళి పడుకుంది. ఆ రోజంతా నీళ్ళు కూడా ముట్టలేదు. టైలరమ్మ మిషను తొక్కకుండా, దానికి తన పాదాలు ఆనించి అలాగే కూర్చుంది.

అదే వారం మేడ మీద ఇంటి ఓనరు దిగొచ్చాడు. ఆరేసిన ఆయన కోటు పిడుగు చేతిలో, కాదు నోట్లో, పడి రెండయింది. "ఆదివారం దాకా చూస్తాను. ఆ తరవాత కుక్క అయినా ఉండాలి, మీరైనా ఉండాలి," అని తేల్చేశాడు.

డాక్టరమ్మకి చెబితే ఆవిడ నిట్టూర్చింది. "నా దగ్గర అంగుళం చోటు లేదమ్మా. ఇల్లు దొరక్కపోతే ఊరవతల పెద్ద షెడ్డుకే పంపాలి. అక్కడ బోను, బోనులో గొలుసు. వాళ్ళని తప్పుపట్టలేం, రెండొందల కుక్కలకి ముగ్గురు మనుషులు."

గొలుసు అన్న మాట వినగానే టైలరమ్మ వద్దని తల అడ్డంగా ఊపింది.

శుక్రవారం సాయంత్రం ఇంకొకళ్ళు వస్తామన్నారు. పెద్ద ఇల్లు, ముందు పచ్చిక, పదేళ్ళ కూతురు. ఇంతకంటే మంచి ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? మధ్యాహ్నం టైలరమ్మ చెప్పులు వేసుకుని బంతి చేతిలోకి తీసుకుంది.

అక్క తలెత్తకుండానే అడిగింది. "ఏమే, నీ కొట్లో బట్ట సరిపోకపోతే వెనక పిన్నులు పెట్టి అద్దంలో చూపించి ఎప్పుడైనా పంపావా?"

"ఛీ, అదేం మాట? ఇంటికెళ్ళి పిన్ను తీస్తే నా మొహం మీద కొట్టరూ?"

"మరి రెండుసార్లు కొట్టించుకున్నావుగా, ఇంకా చాల్లేదా?"

టైలరమ్మకి అక్క మీద చెప్పలేనంత కోపం వచ్చింది, మాట నిజం కాబట్టి. బంతి డబ్బాలో పడేసి మిషను ముందు కూర్చుంది. ఆదివారం ఎంత దూరంలో ఉందో వేళ్ళ మీద లెక్కేసుకుంటూనే కూర్చుంది.

వచ్చినవాళ్ళు వచ్చారు. పిడుగు ఉదయం నుంచి దాచిపెట్టుకున్న బలమంతా ఒక్కసారి బయటపెట్టింది. గుండీల డబ్బా ఎగిరిపడింది. తల్లిగారి చేతిసంచి రోడ్డెక్కింది. పిల్ల పకపకా నవ్వింది, తండ్రి గోడకి అంటుకుపోయాడు. టైలరమ్మ దాచకుండా అంతా చెప్పింది. "ఇది ఇలాగే ఉంటుందండీ. రోజుకి నాలుగైదు గంటలు పరిగెత్తాలి. కట్టేస్తే మాత్రం బతకదు."

"ఆలోచించి చెప్తామండీ," అన్నారు, కారు తలుపు తెరుస్తూ. ఆ మాటకి అర్థం ఏమిటో కొట్టు పెట్టుకున్నవాళ్ళందరికీ తెలుసు. అక్కాచెల్లెళ్ళిద్దరూ నేల మీద కూర్చుని గుండీలు ఏరుకున్నారు.

శనివారం పొద్దున టైలరమ్మ పేరుకుపోయిన పని ముందేసుకుంది. పైనే ఉంది లస్కరు ఖాకీ ప్యాంటు. కాలువ గట్టు వెంట నడుస్తూ ఎక్కడ బొరియ పడింది, ఎక్కడ నీరు కారుతోంది అని చూసుకునే ఉద్యోగం అతనిది. నెలకోసారి రెండు ప్యాంట్లు ఇచ్చిపోతాడు, తనే వచ్చి తీసుకెళ్తాడు, మధ్యలో నాలుగు మాటలు కూడా మాట్లాడడు. "ఈయన ప్యాంటు వేసుకుని నడుస్తాడా, ప్యాంటుతో గట్టు ఊడుస్తాడా?" అని అక్క ఎప్పుడూ నవ్వేది.

బట్ట ఎక్కడ అరిగిందో చూసి మనిషి పనేమిటో చెప్పడం టైలరమ్మకి అలవాటు. మోచేతులు అరిగితే బల్ల ముందు కూర్చునే మనిషి. వెనక అరిగితే బండి నడిపే మనిషి. ఈ ప్యాంటుకి కూర్చునే చోట కొత్త బట్ట మెరుపు ఇంకా పోలేదు. అరుగుదలంతా కింది అంచుల్లోనే, మడమల దగ్గర, రెండు కాళ్ళకీ సమానంగా. ముళ్ళు గీరిన గీతలు మోకాళ్ళ దాకా. నెల క్రితమే తను వేసిన కొత్త అంచు దారాలు దారాలుగా వేలాడుతోంది. ఆమె ఆ అంచుని వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు చూసింది.

"అక్కా," అంది, "ఇన్నాళ్ళూ నేను దీనికి ఇల్లు వెతుకుతున్నానే!"

"ఇల్లు కాక ఇంకేం వెతుకుతావు, సింహాసనమా?"

"దీనికి కావాల్సింది ఇల్లు కాదే, కాళ్ళు!"

గబగబా అంచు కుట్టేసింది. ప్యాంటు సంచిలో పెట్టి, బొంత చంకలో పెట్టి, పిడుగు పట్టీ చేతికి చుట్టుకుని బయల్దేరింది. కాలువ దగ్గరికి నడిచి వెళ్తే గంట. నడిచిందా అంటే నడవలేదు, పిడుగు ఈడ్చుకెళ్ళింది. తూము పక్కనున్న చిన్న గదికి చేరేసరికి టైలరమ్మ తల ప్రాణం తోకకొచ్చింది. లస్కరు అప్పుడే చేతికర్ర తీసుకుని బయటికొస్తున్నాడు.

"ప్యాంటు కోసం మీరింత దూరం రావాలా? నేను వచ్చేవాణ్ణిగా!" అన్నాడు కంగారుగా.

"ప్యాంటు వంకండీ. ఈ కుక్కని మీకివ్వడానికి వచ్చాను," అంది రొప్పుతూనే. ఇక ఆగలేదు. కోటు, సోఫా, దారం ఉండలు, రెండు ఇళ్ళు, గొలుసు, ఆదివారం, అన్నీ చెప్పింది. మైదానంలో పరిగెత్తించి అలిసిపోయిన కుక్కని చూపించిన సంగతి కూడా చెప్పింది. అది చెప్పేటప్పుడు మాత్రం తల దించుకుంది.

లస్కరు పిడుగుని చూశాడు. చూపు తిప్పుకున్నాడు. "నాకెందుకమ్మా. కుక్కంటే ఇష్టం లేక కాదు, చిన్నప్పుడు ఉండేది. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి గానీ ఇంటి మొహం చూడను. ఇంట్లో ఉండని మనిషికి కుక్కెందుకు?"

"ఇంట్లో ఉండేవాళ్ళే కదండీ దీన్ని రెండుసార్లు తిప్పి పంపారు!"

అతను గట్టు వైపు చూశాడు. "ఇవాళ పది మైళ్ళు ఉంది," అన్నాడు.

"దానికి చెప్పండి, నాకెందుకు?" అంది టైలరమ్మ.

అతను నవ్వడం ఆమె చూడటం అదే మొదటిసారి. పట్టీ అందుకున్నాడు. మనుషులు తిరిగే చోటు దాటాక వంగి పట్టీ విప్పడం ఆమెకి దూరం నుంచి కనపడింది. పిడుగు బాణంలా దూసుకుపోయింది. పోయింది, పోయింది, చుక్కంత అయింది. టైలరమ్మ రెండడుగులు ముందుకేసింది. అయ్యో, ఇక రాదేమో! అంతలోనే అది గిర్రున తిరిగి, అంతే వేగంగా వచ్చి, నడుస్తున్న మనిషి చుట్టూ ఒక చుట్టు చుట్టి, మళ్ళీ దూసుకుపోయింది. అతను నడక ఆపలేదు. ఆమె తూము మెట్ల మీద కూర్చుని, సాయంత్రం దాకా అక్కడే ఉంది.

పొద్దువాలే వేళకి ఇద్దరూ వచ్చారు. పిడుగు తోక దాకా బురద. ఎవరూ చెప్పకుండానే మెట్ల మీద పరిచిన బొంత దగ్గరికి వచ్చి, దాని మీద కూలబడి కళ్ళు మూసుకుంది.

"బొరియ ఒకటి పట్టించింది," అన్నాడు లస్కరు. "నేను దాటేసి పోయాను. అది మాత్రం కదలనంది. సరే, ఉంచి వెళ్ళండి. చూద్దాం."

చూద్దాం అన్న మాట టైలరమ్మ గుండెకి మంచి చెయ్యదు. ఆదివారం గడిచింది. ఓనరు మెట్ల మీంచి తొంగి చూసి తృప్తిగా వెళ్ళిపోయాడు. మూడో రోజు పొద్దుటి నుంచీ ఆమె చూపు గుమ్మం మీదే. ఎవరూ రాలేదు. ఎనిమిదో రోజూ రాలేదు. అక్క "ఇక ఊపిరి పీల్చుకో తల్లీ" అంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం గుమ్మంలో నీడ పడింది. లస్కరు. చంకలో మడతపెట్టిన బొంత.

టైలరమ్మ కత్తెర బల్ల మీద పెట్టింది గానీ చెయ్యి దాని మీంచి తియ్యలేకపోయింది. "చెప్పండి," అంది. "ఏం పాడు చేసింది?"

"బొంత," అన్నాడు అతను తప్పు చేసినవాడిలా. "ఒక పక్క అంచు ఊడిపోయిందమ్మా. కాస్త గట్టిగా కుట్టి పెడతారా? ఇక్కడే కూర్చుంటాను. ఇది లేకపోతే అది పడుకోదు."

అతని వెనక నుంచి పిడుగు లోపలికి దూకింది. టైలరమ్మ మొహమంతా నాకింది. గుండీల డబ్బా పడేసి, అక్క ఒళ్ళోకెక్కి దిగింది. టైలరమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. కుట్టు సరిగ్గా కనపడక రెండుసార్లు విప్పి మళ్ళీ వేసింది. రెండు వరసల కుట్టు, మూలల్లో మూడేసి.

లస్కరు బొంత అందుకుని "వస్తానమ్మా" అని వీధిలోకి దిగాడు. పిడుగు గుమ్మం దగ్గర ఆగలేదు. అతన్ని దాటి పరిగెత్తి, తిరిగొచ్చి అతని కాళ్ళ చుట్టూ తిరిగి, మలుపు దాటిపోయింది.

"చూశావటే విశ్వాసం లేని జంతువుని!" అంది అక్క, పమిటతో కళ్ళు ఒత్తుకుంటూ. "ఇన్నాళ్ళు సాకితే ఒక్కసారన్నా వెనక్కి చూసిందా?"

"చూడలేదక్కా," అంది టైలరమ్మ, మలుపు వైపే చూస్తూ. "చూడలేదు కదా! అందుకోసమే కదే ఇన్ని పాట్లు పడ్డాను."