ఆఖరి గంటకు ముందు అల్లరి

గోనెగండ్ల దగ్గరి పల్లెలో నేను ఐదో తరగతికి చెప్పిన ఏడాది, ఒక పిల్లతో వేగలేకపోయినాను. తలకు నూనె ఉండదు, గౌనుకు గుండీలుండవు. పొద్దున్నుంచి మూలన కునికిపాట్లు పడేది. ఆఖరి గంట దగ్గరపడిందంటే మాత్రం దయ్యం పట్టినట్టు లేచి, పక్కపిల్ల జడ లాగేది, నీళ్ళ బిందె తన్నేది. ఒకరోజు డస్టర్ నా మీదికే విసిరింది.

శిక్షగా బడి వదిలినాక కూర్చోబెట్టేదాన్ని. అప్పుడు ఎంత బుద్ధిగా ఎక్కాలు రాసేదో! నాకు అనుమానం మొదలైంది అక్కడే. ఈ పిల్ల శిక్ష కోసమే అల్లరి చేస్తోందా?

"ఇంటికి పోవా?" అన్నాను.

"ఇంగ కొంచేపు ఉంటా మేడమ్. పొద్దు మునగనీ."

ఆ సాయంత్రమే ఒకాయన బండి మీద వచ్చినాడు. "పిల్ల చిన్నాయనను మేడమ్. వాళ్ళమ్మా నాయనా బెంగళూరుకు ఇండ్లు కట్టే బేల్దారి పనికి పోయినారు. పంపిస్తే తోలుకపోతా" అని నవ్వినాడు. నవ్వుతూనే గదంతా కళ్ళతో వెతుకుతున్నాడు. పిల్ల అప్పటికే బీరువా వెనక్కి దూరింది.

"యాడికి?"

"ఇంటికే. ఇంగ యాడికి?"

ఇంటికైతే ఇంత తొందరెందుకు?

"నువ్వు పో అప్పా, నేనే తోలుకొస్తా" అన్నాను. పోయినాడు గానీ, మలుపు దగ్గర బండి ఆపుకొని నిలబడినాడు.

పిల్ల చేతులు పట్టుకొని చూసినాను. బొటనవేళ్ళ గోళ్ళు అరిగిపోయి ఉన్నాయి. పురుగుమందు వాసన.

"విత్తనాలకు వేసే సీడు పత్తి చేనికా?"

"దినామూ తెల్లారకముందే పోవల్ల, మళ్ళా బడి ఇడిసినాక పొద్దు మునిగేదాకా మొగ్గలు గిల్లల్ల మేడమ్. కూలి చిన్నాయనకే ఇస్తారు."

అమ్మ నంబరు పిల్లకు నోటికొచ్చు. ఫోన్ చేస్తే ఆమె ఏడ్చింది. "బడికి పోతాందనే సెప్పినాడు మేడమ్." నిజంగా తెలియదా? ఆ మాటనూ నేను పూర్తిగా నమ్మలేదు. ఆమె వచ్చేదాకా పిల్లను వెనక దోవన తీసుకుపోయి, బడిలో వంట చేసే అక్క ఇంట్లో ఉంచినాను.

మరుసటి రోజు తల్లి దిగింది. సంచి మెట్ల మీద పడేసి, బిడ్డ వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసింది. అప్పుడు నమ్మినాను. ముగ్గురం ఆదోనికి పోయి పిల్లను హాస్టల్లో చేర్చినాము.

కొన్నాళ్ళకు వార్డెన్ ఫోన్ చేసింది. "చిన్నాయనంట, పండగకు తీసుకుపోతానంటాండాడు."

"ఏ పండగ?"

ఆ నెలలో ఏ పండగా లేదు. వార్డెన్ ఆయనను గేటు నుంచే వెనక్కి పంపింది.

పిల్ల ఇప్పటికీ ఆడనే ఉంది. ఆదివారం నేను పోతే గేటు దాకా వచ్చి, ముందు రోడ్డు అటూ ఇటూ చూసుకొని, తర్వాతే నా దగ్గరికొస్తుంది.