పోత ఇనుము జాలీ, తీగల జాలీ

నా చిన్నప్పుడు ఆదివారం వచ్చిందని మా గల్లీకి ముక్కుతోనే తెలిసేది. పొద్దెక్కగానే మా నాయనమ్మ వాకిట్లో బొగ్గుల కుంపటి అంటించి, అల్లం, ఎల్లిగడ్డ, పచ్చి బొప్పాయి పట్టించి నానబెట్టిన మాంసం తునకలను దాని మీద కాల్చేది. అప్పటి అమీర్‌పేటలో ఇన్ని మేడలు లేవు, ఇంత రద్దీ లేదు. వాసన చాలా దూరం పోయేది. సైకిల్ మీద వెళ్లేవాళ్లు ఒక కాలు నేల మీద ఆనించి, మా ఇంటి వైపు చూసి, మళ్లీ తొక్కుకుంటూ వెళ్లిపోయేవాళ్లు.

మాది మగ్గాల ఊరు. తాతయ్య పోయాక నాయనమ్మ ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని పట్నం వచ్చింది. పెద్దవాడైన మా నాయన ఒక దర్జీ దుకాణంలో బట్టలు కుట్టేవాడు. చిన్నాయన సనత్‌నగర్‌లో ఒక పోత ఇనుము కార్ఖానాలో, కరిగిన ఇనుమును అచ్చుల్లో పోసే పని చేసేవాడు. అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. కొత్తగా కాపురానికి వచ్చిన పిన్ని రోజూ నాకు జడ వేసేది. అమ్మ వేస్తే బిగుతుగా ఉండేది, పిన్ని వేస్తే హాయిగా ఉండేది.

అన్నదమ్ములిద్దరూ కలిసి పంజాగుట్ట చౌరస్తా దగ్గర చిన్న హోటల్ పెట్టాలనుకున్నారు. వంట నాయనమ్మది, మిగతా పని వీళ్లిద్దరిది. కుంపటి మీద పెట్టే పాత జాలీ తుప్పుపట్టి మధ్యలో తెగిపోయింది కాబట్టి, ముందుగా మాంసం కాల్చడానికి కొత్త జాలీ కావాలి. చెప్పుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ జాలీ దగ్గరే మా ఇల్లు రెండు ముక్కలు కాబోయింది.

నాయన బజారు నుంచి సన్నటి స్టీలు తీగల జాలీ తెచ్చాడు. తళతళా మెరిసేది, పిల్లలం కూడా ఎత్తగలిగేంత తేలిక. అదే సాయంత్రం చిన్నాయన సైకిల్ వెనక గోనెసంచిలో చుట్టి ఇంకొకటి తెచ్చాడు. లావుపాటి ఊచలతో, అటూ ఇటూ చెవుల్లాంటి పిడులతో నల్లగా ఉంది. కార్ఖానాలో పెద్దమేస్త్రీని అడిగి, పని అయ్యాక ఉండి, తన చేతులతో తానే పోసిన జాలీ అది. దించి గోడకు ఆనిస్తే గోడ సున్నం రాలింది.

నాయన దాన్ని ఎగాదిగా చూసి, "ఇదేంది తమ్మి, మురికినీళ్ల మోరీ మీద మూత లెక్కున్నది" అన్నాడు. సరదాకే అన్నాడేమో. చిన్నాయన మొహం మాత్రం మారిపోయింది. "నీది పిట్టల పంజరం లెక్క లేదా?" అని లోపలికి వెళ్లిపోయాడు. అంతే, మరునాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకరు తింటుంటే ఇంకొకరు బయట కూర్చునేవారు. తర్వాత మాటలు మా పిల్లల మీదుగా నడిచాయి. "మీ నాయనకు చెప్పు", "మీ చిన్నాయనకు చెప్పు." కొన్నాళ్లకు చిన్నాయన హోటల్‌లో తాను ఉండనన్నాడు. ఎర్రగడ్డలో ఒక గది చూసి వచ్చాడని పిన్ని వంటింట్లో అమ్మకు చెబుతూ కళ్లు తుడుచుకుంది. పిన్ని వెళ్లిపోతుందని నాకు అర్థమైంది. ఆ రోజు అన్నం సయించలేదు.

నాయనమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. అదే నాకు కోపంగా ఉండేది. ఒక్క మాట గట్టిగా అంటే ఇద్దరూ వినేవాళ్లు కదా అనుకునేదాన్ని.

ఆ ఆదివారం ఆమే స్వయంగా వెళ్లి మాంసం తెచ్చింది. నానబెట్టి, రెండు గిన్నెల్లో సమంగా పెట్టి, వాకిట్లో రెండు కుంపట్లు వెలిగించింది. కొడుకులిద్దరినీ పిలిచింది.

"నా చెయ్యి గుంజుతున్నది. ఈ దినం మీరే కాల్చాలె" అంది. వానల్లో బావి దగ్గర జారిపడి ఆమె మణికట్టు దెబ్బతిన్నది, అప్పటికీ పూర్తిగా నయం కాలేదు. ఇద్దరూ ఎవరి జాలీ వాళ్లు తీసుకోబోయారు. నాయనమ్మ ఆపింది.

"అట్ల గాదు. పెద్దోడా, నువ్వు తమ్మునిది తీస్కో. చిన్నోడా, నువ్వు అన్నది తీస్కో. ఇంట్ల ఇంతే కూర ఉన్నది. పిల్లలు పొద్దుగాల్నుంచి ఏం తినలే. మాడిందంటే జాలీ మీద నెట్టొద్దు, మీ చేతులనే అంట."

అని వచ్చి గడప మీద నా పక్కన కూర్చుని, చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. తల ఎత్తనే లేదు.

ఇద్దరూ కావాలనే మాడ్చేస్తారని నేననుకున్నాను. ఎదుటివాడి జాలీ పనికిరాదని చూపించడానికి అంతకంటే మంచి అవకాశం ఏముంటుంది? కానీ ఆకలితో చూస్తున్న మమ్మల్ని దాటి ఆ పని చేయడం వాళ్ల వల్ల కాలేదు.

నాయన పోత ఇనుము జాలీని నిప్పుల మీద పెట్టీ పెట్టగానే తునకలు పరిచాడు. కాసేపయ్యాక తిప్పబోతే రాలేదు. ఊచలకు అంటుకుపోయాయి. పట్టుకారుతో లాగితే ఒక తునక చినిగి సగం ఇనుముకే ఉండిపోయింది. ఇంకోటి లాగబోయాడు. పక్క కుంపటి నుంచి ఓరగా చూస్తున్న చిన్నాయన ఇక ఆగలేకపోయాడు.

"గుంజకు అన్నా. ఇనుము ఇంక కాగలే. జర ఆగు, అదే ఇడుస్తది."

నాయన పట్టుకారు పక్కన పెట్టాడు. ఊరికే నిలబడడం ఆయనకు చేతకాదు, చేతులు నడుముకు పెట్టాడు, తీశాడు. కొంతసేపటికి ఒక తునకను మెల్లగా కదిపి చూశాడు. ఎవరూ లాగకుండానే అది ఊడి వచ్చింది, అడుగున ఊచల గుర్తులతో ఎర్రగా కాలి ఉంది. నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

ఈలోగా చిన్నాయన కుంపటి మీద కొవ్వు కారి మంట భగ్గుమని లేచింది. కార్ఖానాలో అంత పెద్ద మంటల ముందు నిలబడే మనిషి, ఈ చిన్న మంటకు కంగారుపడ్డాడు. సన్నటి తీగల సందుల్లోంచి మంట నేరుగా మాంసాన్ని నాకుతోంది.

"జాలీ లేపు తమ్మి, లేపి బొగ్గులు పక్కకు జరుపు" అన్నాడు నాయన. "తేలికనే ఉంటది, ఒక్క చేత్తోని లేస్తది."

చిన్నాయన ఒక చేత్తో లేపాడు. నిజంగానే లేచింది. ఇంకో చేత్తో బొగ్గులు జరిపాడు. జాలీ చేతిలో అలాగే పట్టుకుని ఒక క్షణం ఆగి, గడప మీద కూర్చున్న తల్లి మణికట్టు వైపు చూశాడు.

నాయన తన కుంపటి మీంచి తల ఎత్తకుండా అన్నాడు, "అవ్వ చెయ్యి మంచిగ లేదు గద. రోజు అంత బరువు ఎట్ల లేపుతదని, గిది తెచ్చిన."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడిగినవా?"

చిన్నాయన జాలీని మళ్లీ నిప్పుల మీద దించాడు. కొవ్వు చిటపటలాడింది. తర్వాత చిన్నాయన, "సన్న తీగలు రెండేండ్లకు వంగిపోతయి. మనమిద్దరం ముసలోళ్లమయ్యేదాంక నడవాలె హోటల్ అని, లావుగ పోసిన" అన్నాడు.

నాయన జాలీ పిడి మీద వేలు పెట్టబోయి, కాలి, వెనక్కి తీసుకున్నాడు. "అంచులు మంచిగ రుద్దినవ్, ఎక్కడ గీసుకపోతలేదు" అన్నాడు. మా నాయన నోట క్షమాపణ అన్న మాట నేనెప్పుడూ వినలేదు. ఆయనకు వచ్చిన క్షమాపణ అదే.

ఆ మధ్యాహ్నం అందరం కలిసి కూర్చుని తిన్నాం. ఊచల మీద కాలినవి పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉన్నాయి. తీగల మీదివి కొంచెం మాడు వాసన వేశాయి, అయినా అవే ముందు అయిపోయాయి. ఎర్రగడ్డ గది మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పంజాగుట్టలో హోటల్ తెరిచాక రెండు జాలీలూ పనికొచ్చాయి. మందమైన తునకలకు పోత ఇనుముది, దాన్ని ఎత్తడం దించడం చిన్నాయన పని. కార్జానికీ చేపకూ తీగలది, అది నాయనమ్మ చేతిలో ఉండేది. అన్నదమ్ములు ఆ తర్వాత కొట్లాడుకోలేదని చెప్పను. రోడ్డు వెడల్పులో హోటల్ పోయేదాకా దేనికో ఒకదానికి కొట్లాడుకుంటూనే ఉన్నారు. మాటలు మానేయడం మాత్రం మళ్లీ జరగలేదు.

పెద్దయ్యాక ఒకసారి నాయనమ్మను అడిగాను, ఇట్లా అవుతుందని నీకు ముందే తెలుసా అని. ఆమె నవ్వింది. "యాడ తెల్సు బిడ్డా. కూరంత మాడుస్తరేమో అని పానం కొట్టుకున్నది. ఆ బియ్యంల ఒక్క రాయి సుత లేకుండె. ఏం చెయ్యాల్నో తోచక ఉత్తగనే ఏరిన."

ఆ మాట విన్నాకే నాకు ఆ రోజు నిజంగా అర్థమైంది. చిన్నప్పుడు ఆమె మౌనాన్ని చూసి పట్టనట్టుందనుకున్నాను. అన్నీ తెలిసిన పెద్దరికం కాదది. భయపడుతూనే, కొడుకుల మీద నమ్మకం పెట్టి, నోరు మెదపకుండా కూర్చున్న తల్లి ఓపిక.

ఎర్రమంజిల్‌లో ఒక ఆఫీసులో చాలా ఏళ్లు ఉద్యోగం చేశాను, సంసారం చేశాను. ఎదుటివాళ్లు పట్టుబట్టిన పని నాకు మూర్ఖత్వంగా కనిపించినప్పుడల్లా, ముందు వాళ్ల కుంపటి దగ్గర కాసేపు నిలబడి చూడాలని ప్రయత్నించాను. ప్రతిసారీ కుదిరిందని చెప్పను. కొన్నిసార్లు అంతా మాడింది కూడా. కానీ వాళ్లు ఎవరిని తలుచుకుని ఆ పట్టు పట్టారో అడగకుండా, ఒకరి ఎంపికను వెక్కిరించడం మాత్రం నాకు ఆ రోజుతోనే పోయింది.

మొన్న మా మనవరాలు, దాని భర్త నన్ను పంజాగుట్టలో ఒక పెద్ద దుకాణానికి తీసుకెళ్లారు. వాళ్ల బాల్కనీలో పెట్టుకునే గ్రిల్‌కు జాలీ కొనాలట. అమ్మేవాడు పోత ఇనుముది, స్టీలు ఊచలది, సన్న తీగలది బల్ల మీద వరసగా పెట్టాడు. అమ్మాయి ఒకటంది, అబ్బాయి ఇంకొకటన్నాడు. గొంతులు కొంచెం బిగిశాయి. "అమ్మమ్మా, నువ్వు చెప్పు, ఏది మంచిది?" అని నా వైపు తిరిగింది.

నాకు తెలిసింది చెప్పాను. పోత ఇనుము నిదానంగా కాగుతుంది, కాగాక వేడిని వదలదు, నూనె రాసి పెట్టకపోతే తుప్పుపడుతుంది. స్టీలు ఊచలు కడగడం సులువు. సన్న తీగలు చేపకు మంచివి, పెద్ద మంటకు ఆగవు. చెప్పి, ఒక మాట అడిగాను.

"ఎవరు కాలుస్తరు, ఎవరు కడుగుతరు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దుకాణంలోకి వచ్చినప్పటి నుంచి వాళ్లు జాలీలనే చూస్తున్నారు. ఒకరినొకరు చూసుకోవడం అదే మొదలు.